కొత్తగా పంతులమ్మవైన మేనకోడలికి

చిరంజీవి అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

తెలివి పుట్టుకతో వస్తుందా, పెంపకంతో వస్తుందా అని మీ ఉపాధ్యాయుల గదిలో తెగని వాదన నడుస్తోందని రాశావు. అనువంశికతను కొట్టిపారేయవద్దు. కలిసి పెరిగిన సమరూప కవలల (ఒకే అండం నుంచి పుట్టి, జన్యువులు ఒకేలా ఉన్నవారి) ప్రజ్ఞాలబ్ధి, అంటే ఐక్యూ, మధ్య సహసంబంధం (1కి దగ్గరయ్యేకొద్దీ పోలిక ఎక్కువని చెప్పే అంకె) సుమారు 0.85 ఉండగా, వేర్వేరు అండాల నుంచి పుట్టిన విభిన్న కవలల్లో అది 0.60 దగ్గరే ఆగుతుంది. అయితే ఇటువంటి అంకెలు ఒక సమూహంలోని తేడాలకు కారణం చెబుతాయే గాని, నీ ఎదుట కూర్చున్న పిల్లవాడి తెలివిలో తండ్రి వాటా ఇంత, బడి వాటా ఇంత అని పంచి చూపలేవు. పైగా 20వ శతాబ్దంలో అనేక దేశాల్లో ప్రజ్ఞాలబ్ధి సగటు పదేళ్లకు దాదాపు 3 పాయింట్ల చొప్పున పెరిగింది. అంత తక్కువ కాలంలో జన్యువులు మారవు కనుక ఆ పెరుగుదల పరిసరాల వల్ల వచ్చిందే. గర్భంలో ఉండగా అయోడిన్ తీవ్రంగా కొరవడితే, ఎంత తెలివైనవారి బిడ్డకైనా మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పిల్లవాణ్ణి మొదటి వారంలోనే మందమతి అని తీర్మానించుకున్నాను. 52లోంచి 27 తీసివేయమంటే 35 అని రాసేవాడు. తప్పు అని ఎర్రసిరాతో కొట్టేయడమే తప్ప ఎలా చేశావని నేను అడగలేదు. నెల గడిచాక అడిగితే, 7లోంచి 2 పోతే 5, 5లోంచి 2 పోతే 3 అని ధైర్యంగా చెప్పాడు. ఏ స్థానంలోనైనా పెద్ద అంకెలోంచి చిన్నదాన్ని తీసేయాలన్నది వాడు సొంతంగా కల్పించుకున్న నియమం. దాన్ని వాడు ఎక్కడా తప్పలేదు కూడా. పుల్లల కట్ట ఒకటి విప్పించి, పదిని ఒకట్లుగా లెక్కపెట్టించిన తరువాత అప్పు తీసుకోవడం రెండు రోజుల్లో పట్టుబడింది. ఆ నెల రోజుల మందమతి ఎవరో నీకు వేరే చెప్పనక్కరలేదు.

కాబట్టి తప్పు జవాబు వచ్చినప్పుడు ఎలా చేశావని ముందు అడుగు. ప్రశ్న వేశాక మూడు సెకన్లయినా ఆగు. సాధారణంగా మనం ఒక్క సెకను కూడా ఆగకుండా చురుకైన పిల్లల వైపు తిరిగిపోతాం. చూపు, వినికిడి, ఆకలి, నిద్ర సంగతి కనుక్కోకుండా ఎవరి తెలివినీ అంచనా వేయవద్దు. 1905లో తొలి ప్రజ్ఞా పరీక్ష తయారుచేసిన ఆల్ఫ్రెడ్ బినే ఉద్దేశం కూడా అదనపు సాయం కావలసిన పిల్లలను గుర్తించడమే. తల్లిదండ్రులతో మాట్లాడేటప్పుడు “మీవాడు వెనకబడ్డాడు” అనకుండా, ఏ మెట్టు దగ్గర ఆగాడో, దానికి వచ్చే వారం నీవేం చేయబోతున్నావో చెప్పు.

ఇట్లు,
మీ మామయ్య