వాట్సాప్ లాంటి మెసేజింగ్ యాప్ సిగ్నల్ అంత భద్రమైతే ఫోన్ నంబర్ ఎందుకు అడుగుతుంది? ఇవ్వకుండా కుదరదా?

కుదరదండీ. ఖాతా తెరవాలంటే సిగ్నల్‌కైనా నంబర్ ఇవ్వాల్సిందే. మన ఫోన్లో ఉన్నవాళ్లలో ఎవరెవరు యాప్ వాడుతున్నారో వెంటనే దొరకాలంటే అదే సులువు, దొంగ ఖాతాలూ కాస్త తగ్గుతాయి. నంబర్ దాచుకుని యూజర్‌నేమ్ ఇచ్చే వీలు 2024లో వచ్చింది. అయితే ఎవరికి కనిపిస్తుందన్నది నాకు పెద్ద బెంగ కాదు. అది రేపు ఎవరి చేతికి పోతుందన్నదే బెంగ.

రెండేళ్ల కిందట గుంటూరులో కొత్త సిమ్ తీసుకున్నా. మర్నాడు తెల్లారకముందే ఫోను: "బాబాయ్, తేజా ఎంత పలుకుతోంది? కోల్డ్ స్టోరేజీలోవి తీసేద్దామా?" రాంగ్ నంబరండీ అంటే, "నిద్రమత్తు వదల్లేదా" అని నవ్వాడు. మిర్చి యార్డు వ్యాపారి ఎవరో వదిలేసిన నంబరన్నమాట. వారం తిరిగేసరికి 334 రకం ధర నాకూ నోటికొచ్చేసింది.

వాట్సాప్ వేసుకుని ఓటీపీ కొట్టగానే మాత్రం నవ్వు పోయింది. నాలుగు గ్రూపుల్లో ఉన్నాను, అందులో ఒకటి వాళ్లింటి పెళ్లిది. పాత మెసేజ్ ఒక్కటీ రాలేదు, ఆ తాళం గట్టిదే. కానీ నేను చూస్తుండగానే ఓ అమ్మాయి ఆధార్ ఫోటో పెట్టి "నాన్నా, కల్యాణమండపం వాళ్లు అడిగారు" అంది. మీ నాన్నగారిని కాదమ్మా అని రాసి అన్నిట్లోంచీ బయటికొచ్చేశా. అవతలివాళ్ల సెక్యూరిటీ కోడ్ మారితే, అంటే ఆ నంబర్ వాట్సాప్ వేరే ఫోన్లోకి వెళితే, చెప్పే సెట్టింగు ఒకటుంది, మనం ఆన్ చేసుకోవాలి. వాళ్లలో ఎవరూ చేసుకున్నట్టు లేదు.

సాయంత్రం ఆ అమ్మాయి నాన్నగారే వేరే నంబర్ నుంచి చేశారు. ఆ సిమ్‌కి రీఛార్జ్ మానేసి, ఇంట్లో వైఫై మీద వాట్సాప్ నడుపుకుంటున్నారట. ఆగిపోయిన నంబర్‌ని 90 రోజులు పక్కన పెట్టాక కంపెనీ ఇంకొకరికి ఇచ్చేయొచ్చని ఆయనకి తెలీదు. ఓటీపీ ఎవరికొస్తే యాప్ దృష్టిలో వాళ్లే ఆయన.

అందుకని వాట్సాప్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్ పిన్, సిగ్నల్‌లో రిజిస్ట్రేషన్ లాక్ పెట్టుకోండి; అప్పుడు ఓటీపీతో పాటు మీ పిన్ కూడా అడుగుతాయి. సిమ్ మార్చేట్టయితే పాతది బతికుండగానే యాప్‌లో 'చేంజ్ నంబర్' కొట్టండి. నంబరే వద్దంటే థ్రీమా అనే మెసేజింగ్ యాప్ ఉంది, 8 అక్షరాల ఐడీ ఇస్తుంది. డబ్బు పెట్టి కొనుక్కున్నాను కూడా. మా బ్రాడీపేటలో అది వాడేవాళ్లు ఒక్కరూ లేరు, ఎవరితో మాట్లాడను?