సొంత డబ్బుతో జానపద ఆల్బమ్: బయటి వాద్యకారులను, పనిచేసేవాళ్ళను ఎలా పిలవాలి, పేర్లు ఎలా వెయ్యాలి?

మీరు అడిగింది ఇది: మా ఊరి పాటలు ఐదారు కలిపి సొంతంగా ఆల్బమ్ చేద్దామనుకుంటున్నాం, పాడేవాళ్ళు ఉన్నారు, వాయించేవాళ్ళను బయటినుంచి పిలవాలి, ఇంకా ఎవరెవరు కావాలి, డబ్బు సంగతీ పేర్ల సంగతీ ఎలా అని.

మేం కావలిలో కూర్చుని కొన్నేళ్ళ కిందట ఇదే పని చేశాం. ఆరు పాటలు. నాట్ల పాటలు రెండు, కోలాటం పాటలు రెండు, అంకమ్మ కొలుపు పాట ఒకటి, కాటమరాజు కథలో పుల్లరి ఘట్టం ఒకటి. (నెల్లూరు రాజు మనుమసిద్ధి పుల్లరి, అంటే పశువుల మేతకు పన్ను, కట్టమన్నాడు, కాటమరాజు కట్టనన్నాడు, అదీ గొడవ. మన జిల్లా కథే, మనమే మర్చిపోతున్నాం.) చేసిన తప్పులతో సహా చెప్తాను.

ముందు డప్పుల గురించి. పొదిలి వైపు నుంచి నలుగురిని పిలిపించి నెల్లూరులో ఒక చిన్న స్టూడియోకి తీసుకుపోయాం. అపార్ట్‌మెంట్ కింద గది, ఏసీ. డప్పును మంట సెగకు కాయకుండా కొట్టరని మాకు తెలుసు, కానీ ఎక్కడ కాస్తారని ఎవరం ఆలోచించలేదు. రోడ్డు పక్కన చొప్ప వేసి మంట పెడితే వాచ్‌మన్ గొడవ. ఎలాగో కాచి లోపలికి తెచ్చేసరికి చర్మం చల్లబడి, తేమ పీల్చి, వదులైపోయేది. సిర్ర (డప్పు కొట్టే పుల్ల) దెబ్బకు 'ధన్' అనాల్సింది 'బొద్' అనేది. ఏసీ ఆపితే గదిలో ఉక్క. మా వైపు సముద్రపు గాలి సంగతి చెప్పేదేముంది. ఆ రోజు అద్దె మొత్తం వృథా.

రెండోసారి స్టూడియోను వదిలేసి, రికార్డర్ తీసుకుని వాళ్ళ ఊరి మామిడితోటకే పోయాం. అక్కడ తెలిసింది, వాళ్ళ బృందంలో నలుగురు కాదు, ఐదుగురు ఉంటారని. ఐదోవాడు పద్దెనిమిదేళ్ళ కుర్రాడు, వాయించేవాళ్ళలో ఒకరి మేనల్లుడు. వాడి పని మంట చూడటం. రెండు డప్పులు మోగుతుంటే మిగతావి సెగకు తిప్పుతూ, చర్మాన్ని వేలితో తట్టి చూస్తూ, పాట మధ్యలో అందిస్తాడు. మొదటిసారి ఖర్చు మిగుల్చుకుందామని 'నలుగురే రండి' అన్నది మేమే. ఆల్బమ్‌లో 'డప్పుల సెగ' అని వాడి పేరు విడిగా వేశాం. అందుకే, ఏ వాద్యం వాళ్ళనైనా పిలిచేటప్పుడు 'మీతో ఇంకెవరు వస్తారు' అని అడగండి, 'ఎంతమందిని పంపుతారు' అని కాదు.

సన్నాయి దగ్గర ఇంకో చిక్కు. మా అమ్మాయి పాడేది ఐదున్నర శ్రుతిలో (గొంతు ఎంత ఎత్తులో పలుకుతుందో చెప్పే లెక్క అది). వచ్చిన సన్నాయి ఆయనది రెండున్నర. తంబుర, హార్మోనియం లాగా శ్రుతి మార్చుకోవడం సన్నాయికి కుదరదు, గొట్టం కొలతను బట్టే శ్రుతి. నాకు టెన్షన్ మొదలైంది. ఆయన మాత్రం నవ్వి, 'మధ్యమాన్ని (మ) షడ్జమం (స) చేసుకుంటా, నువ్వు కానీ అబ్బయ్యా' అన్నాడు. రెండున్నరకు మధ్యమం సరిగ్గా ఐదున్నరే అవుతుంది. నాకు ఆ లెక్క తట్టలేదు, ఆయనకు అది లెక్కే కాదు. ఒంగోలు పక్కన కరవదిలో పుట్టిన నాదస్వర విద్వాంసుడు షేక్ చిన మౌలానా సాహెబ్ వాద్యం విని పెరిగిన తరం అది. అయినా మీకు ఈ అదృష్టం ఉంటుందనుకోవద్దు, ఫోన్‌లోనే శ్రుతి అడగండి. వైశాఖ, జ్యేష్ఠ మాసాల్లో పెళ్ళి ముహూర్తాలుంటాయి, అప్పుడు పిలిస్తే రారు. వచ్చినా ఒక పెళ్ళి వదులుకుని వచ్చినట్టే, దానికి తగ్గట్టు ఇవ్వాలి.

రికార్డింగ్ చేసేవాడి గురించి ఒక్క మాట. సినిమా పాటలకు అలవాటుపడిన కుర్రాడైతే చెవిలో క్లిక్ (ఒకే వేగంతో టిక్ టిక్ అనే శబ్దం) పెట్టి దానికి కొట్టమంటాడు. డప్పు వాళ్ళు అలా కొడితే పాట చచ్చిపోతుంది, చివరికి వచ్చేసరికి వేగం పెరగడమే ఆ పాట ప్రాణం. మా కుర్రాడు ఓపికమంతుడు. ముందు డప్పులూ గొంతూ కలిపి వదిలేసి రికార్డు చేసి, తర్వాత రెండు రోజులు కూర్చుని ఆ నడకకే కంప్యూటర్‌లో లయ గీసుకున్నాడు. హైదరాబాద్‌లో ఉన్న బేస్ గిటార్ అతను దాని మీద వాయించి ఫైలు పంపాడు. డప్పు దెబ్బ పగిలిపోకుండా లెవెల్ బాగా తగ్గించి, 24 బిట్‌లో తీయండి, తర్వాత పెంచుకోవచ్చు.

తోటలో పని అంటే తెల్లారుజామున ఐదు నుంచి ఎనిమిది దాకానే. ఆ తర్వాత బోరు మోటార్లు, కాకులు, గుడి మైకు. గుడికి పోయి పూజారిని బతిమాలి ఆ మైకు అరగంట ఆపించింది మా కారు డ్రైవరన్న. డ్రైవర్ అనే పిలిచాం గానీ వైర్లు చుట్టాడు, టీ కాచాడు, రెండో కోలాటం పాటలో తాళాలు కూడా వేశాడు.

డబ్బు: సగం బయల్దేరే ముందు, సగం తిరిగి బస్సెక్కే ముందు. 'ఆల్బమ్ ఆడితే చూద్దాం' అనే మాట నోట రానివ్వొద్దు. తెలుగులో అరపేజీ కాగితం రాసి, చదివి వినిపించి, సంతకం తీసుకోండి. 1957 కాపీరైట్ చట్టం 38వ సెక్షన్ ప్రకారం వాయించినవాళ్ళకూ పాడినవాళ్ళకూ తమ ప్రదర్శన మీద 50 ఏళ్ళ హక్కు ఉంది. 2012 సవరణలో 38బి చేర్చారు, అది తమ పేరు వేయించుకునే హక్కు. పాట జానపదమే కాబట్టి ఎవరిదీ కాదు అనుకుంటాం. పాట సంగతి సరే, ఆ గొంతు ఒకరిదే కదా.

ఇక నా అసలు తప్పు. నాలుగో పాట నాట్ల పాట. బుచ్చిరెడ్డిపాలెం దగ్గర పల్లెలో ఒక అవ్వ చెప్పింది. ఆమె చరణం ఎత్తుకుంటే మిగతా ఎనిమిది మంది అందుకునేవాళ్ళు. మేం తెలివిగా 'సాహిత్యం: జానపదం' అని రాసి, ఆమెను కూడా ఆ ఎనిమిది మందితో కలిపి 'బృందం' అని వేశాం. పాట విడుదలయ్యాక ఆమె మనవడు ఫోన్ చేసి, 'అన్నా, మా అవ్వ పేరేదీ?' అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు. యూట్యూబ్ వివరాల్లో అదే రోజు మార్చాను. మిగతా యాప్‌లలో మారడానికి నెల పట్టింది. ఆల్బమ్ కోసం అచ్చు వేసిన కార్డుల మీద చేత్తో రాశాం.

మర్నాడు చీర తీసుకుని పోయి క్షమించమన్నాను. ఆమె పెద్దగా పట్టించుకోలేదు. 'నా పేరెందుకులే నాయినా, మా అత్త చెప్పిందే గదా నేను చెప్పింది. ఏస్తే ఆమెది గూడా ఎయ్యి' అంది. అత్త పేరేంటని అడిగితే ఎవరికీ తెలియదు. ఇంట్లో వాళ్ళకూ తెలియదు, పక్కింటి పెద్దాయనకూ తెలియదు. పామూరు నుంచి కోడలుగా వచ్చిందని ఊరంతా 'పామూరామె' అనేవాళ్ళట. పోయి ముప్పై ఏళ్ళయింది, ఆధార్ లాంటి కార్డుల్లో వెతకడానికీ లేదు.

పాటలు యాప్‌లకు పంపే ఫారంలో మొదటి పేరు, ఇంటిపేరు రెండూ నింపితే గానీ ముందుకు పోనివ్వదు. అరగంట ఆలోచించి ఒక గడిలో 'పామూరు' అనీ, రెండో గడిలో 'ఆమె' అనీ కొట్టాను. తీసుకుంది. ఇప్పుడు నాలుగో పాట కింద 'పాట చెప్పినవారు' అని అవ్వ పేరు, దాని పక్కన పామూరు ఆమె అని ఉంటుంది.