అర్థమైందా అని అడిగితే అందరూ తలూపుతారు

మీ అమ్మగారికి గర్భసంచి తీసేయాలన్నారని, ఇంగ్లీషు ఫారం మీద మీ చేత సంతకం పెట్టించుకున్నారని, ఎందుకని అడిగితే "చెప్పినా మీకు అర్థం కాదు" అన్నారని రాశారు. అడిగే హక్కు ఉందా అంటున్నారు. ఉంది. ముందు ఒక్క మాట: అమ్మగారు స్పృహలో ఉన్నారు, నిర్ణయించుకోగలరు. అలాంటప్పుడు సంతకం ఆవిడది కావాలి, మీది చాలదు.

సమీరా కోహ్లీ అనే ఆవిడ కేసు ఇలాంటిదే. లాపరోస్కోపీకి, అంటే సన్నని గొట్టంతో పొట్ట లోపల చూసే పరీక్షకు ఒప్పుకున్న ఆవిడ మత్తులో ఉండగా, బయట కూర్చున్న తల్లిని అడిగి గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ప్రాణాపాయం లేనప్పుడు అది చెల్లదని 2008లో సుప్రీంకోర్టు చెప్పింది. ఏం చేస్తారు, ఎందుకు, లాభమేంటి, ప్రమాదమేంటి, వేరే దారి ఉందా, చేయించుకోకపోతే ఏమవుతుంది, ఇవన్నీ రోగికి తెలిశాకే ఒప్పుకోలు. ఎప్పుడో లక్షలో ఒకరికి వచ్చే ప్రమాదాలన్నీ ఏకరువు పెట్టాలని మాత్రం కోర్టు అనలేదు.

అయితే చెప్పడం వేరు, అర్థమవడం వేరు. ఇది మా నాన్న వల్ల తెలిసింది. మాది గాజువాక. మూడేళ్ల కిందట నాన్నకు కొత్తగా ఇన్సులిన్ మొదలుపెట్టి డిశ్చార్జ్ చేశారు. నేను బిల్లు కౌంటర్ దగ్గర ఉన్నాను. "టిఫినుకి ముందు వేసుకోవాలి, అర్థమైందా?" అని అడిగారట, నాన్న తలూపారు. నాలుగో రోజు పొద్దున్నే ఇంజెక్షన్ వేసుకొని, టిఫిన్ తిరిగొచ్చి తినొచ్చులే అని రైతుబజారుకు బయల్దేరారు. దారిలోనే షుగర్ పడిపోయి చెమటలు, వణుకు. ఎవరో పుణ్యాత్ములు చక్కెర నీళ్లు తాగించి కూర్చోబెట్టారు. నాన్న తప్పేం లేదు. "ముందు" అంటే అరగంట ముందనీ, ఆ తర్వాత తప్పకుండా తినాలనీ ఆయనకెవరూ విడమర్చలేదు.

తర్వాత వేరేచోట చూపించాం. అక్కడి సిస్టర్ అంతా చెప్పి, "బాబాయ్‌గారూ, ఇప్పుడు నేను పేషెంటుని. నాకు మీరు చెప్పండి" అంది. నాన్న రెండుచోట్ల తడబడ్డారు. విసుక్కోకుండా ఆ రెండూ మళ్లీ చెప్పి, మళ్లీ చెప్పించుకుంది. పది నిమిషాలు కూడా పట్టలేదు. ఆ పద్ధతికి టీచ్-బ్యాక్ అని పేరుందనీ, నర్సింగ్ చదువులో నేర్పుతారనీ నాకు తర్వాత తెలిసింది. ఆరోజు మాత్రం ఆ అమ్మాయికి దండం పెట్టాలనిపించింది.

రేపు రౌండ్స్‌కి డాక్టరుగారు వచ్చినప్పుడు అమ్మగారి ఎదురుగానే అడగండి: "మందులతో చూడొచ్చా? కొన్నాళ్లు ఆగితే ఏమవుతుంది? అండాశయాలు ఉంచుతారా?" తెలుగులో చెప్పమనండి. తర్వాత ఆవిడ చేత ఆయన ముందే తిరిగి చెప్పించండి. వేరే డాక్టరుకు చూపించాలనుకుంటే కేసు కాగితాల నకళ్లు కావాలని రాతపూర్వకంగా అడగండి. 2002 నాటి వైద్య మండలి నిబంధనల ప్రకారం 72 గంటల్లో ఇవ్వాలి. అమ్మగారికి పూర్తిగా తెలిసేదాకా ఆపరేషన్ తేదీ ఖాయం చేయొద్దని గట్టిగా చెప్పండి.