ఓబయ్యలు ఇద్దరు

పూర్వీకుల జాడ వెతుక్కునే పాఠకులకు ప్రొద్దుటూరు నుంచి అక్క జవాబులు

ప్రశ్న: అక్కా, మా జేజినాయన పేరు తప్ప ఆ పైన మాకేమీ తెలీదు. అనంతపురంలో మా ఇంటిపేరే ఉన్న ఒక పెద్దాయన నా మాదిరే ఈ వెతుకులాటలో పడినాడు. పదకొండు తరాల పటం గీసి పంపినాడు. అన్నిటికంటే పైన విజయనగర రాజుల కాలం నాటి దండనాయకుడు ఉన్నాడు. మా జేజినాయన పేరు కూడా ఒక కొమ్మ మీద కనపడుతోంది. మా ఇంటిని అక్కడ కలుపుకోవచ్చా?
– ఒక పాఠకుడు, మైదుకూరు

జవాబు: ఇప్పుడే కలుపుకోవద్దు తమ్ముడూ. ఆ పెద్దాయన కష్టాన్ని నేను తక్కువ చేయడం లేదు. ఆయన రాసిన కింది నాలుగు తరాలు నిజమే కావచ్చు. పైకి పోయేకొద్దీ మాత్రం మనవాళ్లందరికీ ఒక దండనాయకుడు తగులుతాడు. ఎద్దుల్ని మేపిన ముత్తాత ఎవరికీ తగలడు!

ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన వంశం ఒకటి కాదు. మన సీమలో చాలా ఇంటిపేర్లు ఊరిపేర్లే. కరువుకో, ముఠాల భయానికో ఊరు విడిచినవాళ్లను కొత్త ఊరివాళ్లు పాత ఊరి పేరుతో పిలిచినారు. ఒకే ఊరి నుంచి కాపు ఒకడు, సాలె ఒకడు, కంసాలి ఒకడు వేరువేరు కాలాల్లో బయటపడితే ముగ్గురికీ అదే ఇంటిపేరు నిలబడింది. కాబట్టి ఆయన్ను ముందు పటం గురించి అడగొద్దు. మీ గోత్రమేమి, మీ ఇలవేల్పు ఎవరు, పిల్లోళ్లకు పుట్టువెంట్రుకలు ఏ గుళ్లో తీయిస్తారు అని అడగండి. ఆ తర్వాత అసలైన ప్రశ్న మీ ఇంట్లో పెద్దోళ్లను అడగండి: ఆ ఇంట్లో ఎవరైనా పోతే మనం మైల పట్టేవాళ్లమా? ఆ ఇంటికి పిల్లనిచ్చినామా, వాళ్ల పిల్లను తెచ్చుకున్నామా? మైల పట్టింటే దాయాదులు. పెళ్లి జరిగింటే దాయాదులు కాదు. పదకొండు తరాల పటం కంటే ఈ రెండు ముక్కలకు బరువెక్కువ.

నేనెందుకింత గట్టిగా చెబుతున్నానంటే, నేనూ ఇట్లాగే బోల్తా పడినాను. మా నాయన కరణం. 1984లో రామారావు ప్రభుత్వం కరణాల్ని, మునసబుల్ని తీసేసినప్పుడు దప్తరమంతా బండికెత్తి తాలూకాఫీసులో అప్పజెప్పి వచ్చినాడు. చిన్నప్పుడు ఆయన పక్కన కూర్చుని గొలుసుకట్టు రాత, అంటే అక్షరాలు ఒకదానికొకటి కలిపి రాసే పాత దస్తూరీ, చదవడం నేర్చుకున్నాను, అదే ఇప్పుడు నాకు అన్నం పెట్టని విద్య. మా నాయన ముత్తాత పేరు ఓబయ్య. ఒక పాత క్రయదస్తావేజులో మా ఊరే, మా ఇంటిపేరే, ఓబయ్య అనే పేరే కనిపించింది. ఎగిరి గంతేసినాను. ఆ కాగితాన్ని పట్టుకుని ఇంకో రెండు తరాలు పైకెక్కినాను, అక్కచెల్లెళ్లందరికీ పటం పంచిపెట్టినాను కూడా.

చెన్నైలో నా మాదిరే వంశాలు వెతికే ఒకాయన ఉన్నాడు. ఎగ్మూరు ఆర్కైవ్స్‌లో పాత మద్రాసు రాష్ట్రం జిల్లాల రికార్డులు ఉంటాయి కదా, నాకు కావలసినవి ఆయన పోయి చూసి వస్తాడు. ఆయనకొచ్చే గొలుసుకట్టు కాగితాలు నేను చదివిపెడతాను. అదీ మా ఒప్పందం. ఆయన నా పటం చూసి ఒక్క మాటే అడిగినాడు: "అమ్మా, ఈ ఓబయ్యకు తండ్రి ఎవరు?"

దస్తావేజు మళ్లీ తీసి చూస్తే తండ్రి నరసయ్య అని ఉంది. మా ఇంట్లో తద్దినం పెట్టేటప్పుడు మా తాత వరస పెట్టిన పేర్లను మా నాయన ఒక నోటుపుస్తకంలో రాసుకున్నాడు. అందులో ఓబయ్య తండ్రి లక్ష్మయ్య. ఇద్దరు అన్నదమ్ములు తమ పెద్ద కొడుకులకు తాత పేరే పెట్టినారు, అంతే కథ. ఒకే ఊళ్లో, ఒకే ఇంటిపేరుతో, ఒకే ఈడు ఓబయ్యలు ఇద్దరు. నేను రెండేళ్లు పక్కింటి ఓబయ్య ఆస్తులు లెక్కపెట్టుకున్నాను!

తాత పేరు మనవడికి పెట్టే మన అలవాటు వెతికేవాళ్లకు దారి చూపిస్తుంది, గుంతలోకీ తోస్తుంది. అందుకే పేరు పక్కన తండ్రి పేరు లేని ఏ కాగితాన్నీ పటంలోకి ఎక్కించొద్దు. దస్తావేజుల్లో ఆ సుఖం ఉంది. రాసిచ్చినవాడిదీ రాయించుకున్నవాడిదీ తండ్రి పేరు, కులం, వృత్తి, కాపురమున్న ఊరు, చేనికి నాలుగు దిక్కులా హద్దులు ఉంటాయి. హద్దుల్లో ఎవరి చేను ఉందో చూస్తే దాయాదులు వరసగా దొరుకుతారు, పంచుకున్న భూమి పక్కపక్కనే ఉంటుంది కాబట్టి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో స్థిరాస్తి దస్తావేజులు ఎక్కించే ఒకటో నంబరు పుస్తకాన్నీ దాని సూచికలనూ ఫీజు కట్టి ఎవరైనా చూడొచ్చని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలోనే ఉంది. మొహమాటపడొద్దు. ఆన్‌లైన్‌లో ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) తీసి "ఏమీ లేదు" అని వెనక్కి రావద్దు, అందులో పాత కాలం రాదు.

ఆపైన తాసిల్దారు ఆఫీసులో డైగ్లాట్ అడగండి. బ్రిటిషువాళ్లు రీసర్వే చేసినప్పుడు ప్రతి సర్వే నంబరుకూ పట్టాదారు పేరు రాసిన రిజిస్టరు అది. మీ చేను సర్వే నంబరు పట్టుకుని పోతే అప్పుడు దాని పట్టా ఎవరి పేరున ఉండేదో తెలుస్తుంది.

కాలం దగ్గర కూడా జాగ్రత్త. మీ జేజి "మా మామ ధాత కరువులో పుట్టినాడు" అనేదని ఉత్తరం చివర్లో రాసినారు. ధాత అంటే 1876–77, లక్షల ప్రాణాలు తీసిన కరువు. కానీ సంవత్సరాల పేర్లు అరవై ఏళ్లకొకసారి తిరిగొస్తాయి, 1936లోనూ ధాత వచ్చింది. మీ జేజి చెప్పింది కరువు పేరుతోనే గనక పాతదే అయ్యుంటుంది. అయినా అప్పటికి ఆయనకు అన్నలు ఎంతమంది, ఊళ్లో ఏ గుడి కట్టినారు అని ఇంకో ఆధారం కలుపుకోండి.

మీరు రెడ్లయితే ఒక మాట. పిచ్చికుంట్లవాళ్లు, ఇప్పుడు వంశరాజ్ అంటున్నారు, మీ గోత్రం, ఇంటిపేర్లు, మూలమైన ఊరు పాటగా చెబుతారు. పాటలో పొగడ్త కలిసి ఉంటుంది, దాన్ని పక్కన పెట్టండి. ఊరి పేరు మాత్రం రాసుకోండి. ఉత్త చేతులతో పంపొద్దు.

ప్రశ్న: అక్కా, దక్షిణాఫ్రికాలోని డర్బన్ నుంచి ఒకామె నాకు రాసింది. వాళ్ల ముత్తాత 1890ల్లో మద్రాసులో ఓడెక్కినాడంట. కాగితంలో జిల్లా కడప అనీ తాలూకా వాయల్పాడు అనీ ఉందంట. అది 2022 దాకా చిత్తూరు జిల్లాలోది కదా, ఆ కాగితం తప్పేమో?
– ఒక పాఠకురాలు, కడప

జవాబు: కాగితం ఒప్పే. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా వాయల్పాడు, మదనపల్లె తాలూకాలు కడప జిల్లాలోనే ఉండేవి. అట్లాగే 1882కు ముందు అనంతపురం జిల్లానే లేదు, ఆ ఊళ్లవాళ్లు చాలామంది "బళ్లారి" కింద కనపడతారు. జిల్లా పేరు చూసి భయపడకుండా కాగితం ఏ ఏడాదిదో చూడండి.

1860 నవంబరులో మద్రాసు నుంచి 'ట్రూరో' అనే ఓడ డర్బన్ చేరింది. అప్పటి నుంచి 1911 దాకా డర్బన్ ఉన్న నాటాల్ ప్రాంతపు చెరకు తోటలకు మనవాళ్లను ఒప్పందం మీద పంపినారు. పోయిన ప్రతి మనిషికీ ఒక నంబరు ఇచ్చి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు రాసుకున్నారు. ఆమెను ఆ నంబరు, ఆ పుటకు ఫోటో అడగండి. మనవాళ్లు నోటితో చెప్పిన ఊరిపేరును గుమాస్తా ఇంగ్లీషులో తోచినట్టు రాసుకున్నాడు, కాబట్టి దాన్ని కళ్లతో కాక గొంతెత్తి చదవండి. వాయల్పాడు వైపు ముసలివాళ్ల ముందు చదివితే ఇంకా మేలు.

ప్రశ్న: మేడమ్, మా వంశవృక్షంలో ఆరు తరాల మగవాళ్లున్నారు, ఒక్క ఆడమనిషి లేదు. మా అవ్వ వాళ్ల అమ్మ పేరు కూడా ఎవరికీ తెలియదు. వెతకడానికి దారుందా?
– ఒక పాఠకురాలు, ఆదోని

జవాబు: మేడమ్ అనకమ్మా, అక్క అను. నువ్వడిగిందే నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రశ్న. పట్టాలోనూ డైగ్లాట్‌లోనూ ఆడవాళ్లు అరుదు. మొగుడు పోయి మైనరు కొడుకుంటేనే ఆమె పేరు పైకొస్తుంది. కాని పుట్టింటివాళ్లు పసుపు కుంకుమ కింద అరెకరమో ఎకరమో రాసిచ్చిన దస్తావేజులు ఉంటాయి, అక్కడ ఆడమనిషి పేరు నిండుగా ఉంటుంది. సూచికలో ఆమె పేరుతో మొదలుపెట్టొద్దు. రాసిచ్చేది తండ్రో అన్నో కాబట్టి వాళ్ల పేరుతో వెతుకు. ఆ దస్తావేజు ఆమె మెట్టినింటి ఊళ్లో ఉండదు, భూమి ఏ సబ్ రిజిస్ట్రార్ కిందికి వస్తుందో ఆ ఆఫీసులో ఉంటుంది. మన వాళ్లలో చాలామంది ఇక్కడే దారి తప్పుతారు.

ఊరి జనన మరణాల రిజిస్టర్లు, బడి అడ్మిషన్ రిజిస్టరు కూడా చూడు. మీ ఇంట్లో తర్పణాలు విడిచే ఆచారముంటే పురోహితుణ్ణి అడుగు, అమ్మ, ఆమె అత్త, ఆ అత్తకు అత్త పేర్లు అందులో చెప్పించుకుంటారు. మీరు క్రైస్తవులైతే గుత్తి, జమ్మలమడుగు వైపు మిషన్ చర్చీల్లో బాప్తిస్మపు పుస్తకాలున్నాయేమో విచారించు.

మీ మేనత్తకు ఎనభై దాటిందని రాసినావు. రిజిస్టర్లు ఎక్కడికీ పోవు, ఆమె దగ్గరికి ఈ ఆదివారమే పో. పేర్లు అడగొద్దు, "తెలీదు" అనేస్తుంది. నీ పెళ్లికి ఎవరెవరు బండ్లు కట్టుకొని వచ్చినారు, ఏ ఊరి నుంచి వచ్చినారు, వడిబియ్యం ఎవరు పోసినారు అని అడుగు.