పొల్లకు పన్ను చూపించే ముందు

బిడ్డా,

పొల్ల వెనక పన్ను పుచ్చిందని, దవాఖాన పేరెత్తితేనే మంచం కిందికి దూరుతున్నదని చెప్పినవు. ఫోన్‌ల సగమే చెప్పగలిగిన, మిగతాది రాస్తున్న.

మీ అన్నకు ఆరేండ్లప్పుడు పన్ను నొప్పి లేస్తే రాత్రంతా లవంగం పెట్టి, తెల్లారి ఐస్‌క్రీం కొనిస్తనని చెప్పి నల్లగొండ తీస్కపోయిన. కుర్చీ చూసి మొరాయిస్తే ఇద్దరు చేతులు, ఒకరు కాళ్లు పట్టుకున్నరు. తల నేనే పట్టుకున్న. పన్ను ఐతే వచ్చింది. వాడు ఇప్పటికీ నొప్పి గోళీలు మింగుతడు గాని ఆ కుర్చీ ఎక్కడు. ఆ తప్పు నాది.

పొల్లకింక నొప్పి లేవలేదన్నవు కద, ఈ వారమే తీస్కపో. పాలపన్నే, ఊడిపోతది అనుకోకు. వెనక పాలదంతాలు పది, పన్నెండేండ్ల దాక ఉండాలె. పొద్దున పూట, నిద్ర తీరినంక పో. మొదటిరోజు పండ్లు చూసి లెక్కపెట్టి పంపమని డాక్టర్‌ను ముందే అడుగు. దవడ వాచినా, జ్వరమొచ్చినా మాత్రం ఆగకు, అదే రోజు ఉరుకు.

ఈలోపల ఇంట్ల ఒక పని చెయ్యి. అన్నం తిన్నంక దాన్ని ఒళ్లె వెల్లకిల పండుకోబెట్టుకొని, చిన్న స్టీలు చెంచా వెనకవైపుతోని ఒక్కొక్క పన్ను తట్టుకుంట లెక్కపెట్టు. పాలపండ్లు మొత్తం ఇరవై. చెంచా సల్లగ తగులుతది, టిక్కుమంటది, నోట్లె ఉమ్మి ఊరుతది. దవాఖానల నోట్లె పెట్టి చూసే చిన్న అద్దం గూడ గట్లనే ఉంటదని చెప్పు. తర్వాత చెంచా దాని చేతికిచ్చి నీ పండ్లు లెక్కపెట్టమను.

"నొప్పే ఉండదు, సూదే వెయ్యరు" అనకు. అడిగితే "డాక్టర్‌నే అడుగుదాం" అను. చెయ్యి లేపితే ఆపాలని డాక్టర్‌తోని మాట తీసుకో. ఒక్కసారి ఆపకపోయినా పిల్ల మళ్ల నమ్మదు.

ఇంకోటి. అల్లరి చేస్తే సూది వేయిస్తమని, తోముకోకుంటే అమ్మమ్మ పండ్లలెక్క అయితయని ఇంట్ల ఎవ్వరూ అనొద్దు. మర్రిగూడ దిక్కు బోరు నీళ్లు తాగి పెరిగిన మా పండ్ల మీది గోధుమరంగు మచ్చలు తోముకోక వచ్చినవి కావు. నీళ్లల్ల ఫ్లోరైడ్ ఎక్కువై, పన్ను చిగురు లోపల తయారయ్యేటప్పుడే పడ్డవి. మా ఈడు ఆడపిల్లలం నవ్వితే నోటికి కొంగు అడ్డం పెట్టుకునేటోళ్లం. దీనికి ఆ సిగ్గు వద్దు బిడ్డా.

ఆదివారం నేనొస్త. చెంచాతోని నా పండ్లు గూడ లెక్కపెట్టమను.

మీ అమ్మ