మారిషస్ నాణేలు కూడబెట్టాలంటే

చి. శ్రీకర్‌కు,

పెదనాన్న ఆశీస్సులు. ఆఫ్రికా దేశాల స్మారక నాణేలు దేశానికొకటి చొప్పున కొంటానని రాశావు. వద్దు నాన్నా. అలా కొంటే డబ్బా నిండుతుంది గానీ ఒక్క దేశం గురించీ నీకు సరిగ్గా తెలియదు. నా మాట విని మారిషస్ ఒక్కటే పట్టుకో. చిన్న ద్వీపం. నాణేల జాబితా కూడా ఒక మనిషి ఓపికకు అందేంతే. పైగా మీ కాకినాడ పక్కనున్న కోరంగి రేవులో ఓడలెక్కి అక్కడి చెరకు తోటల్లో కూలికి పోయిన మనవాళ్లను ఆ దేశంలో కోరంగీలనే పిలిచారు. వాళ్ల వారసులు ఇప్పటికీ అక్కడ ఉగాది చేసుకుంటున్నారు, ఆ రోజు దేశమంతా సెలవు.

ముందే వెండి జోలికి పోకు. వాడుకలో ఉన్న నాణేలతో మొదలుపెట్టు. 1987 నుంచి వచ్చిన వాటి మీద సర్ శివసాగర్ రాంగులాం బొమ్మ ఉంటుంది, అంతకు ముందువాటి మీద ఎలిజబెత్ రాణి. స్వాతంత్ర్యం 1968 మార్చి 12న వచ్చినా, 1992లో గణతంత్రం అయ్యేదాకా ఆ దేశానికి ఆమే రాణి. అంటే ఆమె ఇంకా రాణిగా ఉండగానే నాణేల మీద ఆమె స్థానంలోకి అక్కడి మొదటి ప్రధాని రాంగులాం వచ్చాడు. ఈ రెండు రకాలూ పక్కపక్కన పెట్టి చూడు, ఎందుకు దాచుకుంటున్నావో నీకే తెలుస్తుంది. తర్వాత 2007 నాటి 20 రూపాయలు కొను. బ్యాంక్ ఆఫ్ మారిషస్ 40 ఏళ్ల సందర్భంగా వేసిన రెండు లోహాల నాణెం అది. జనం చేతుల్లో తిరిగిన స్మారక నాణెం కాబట్టి పెద్ద ఖర్చుండదు.

వెండిలో నా మనసు మాత్రం 1975 వన్యప్రాణి సంరక్షణ సెట్టు మీదే ఉంటుంది. 25 రూపాయల మీద సీతాకోకచిలుక, 50 మీద మారిషస్ కెస్ట్రెల్ అనే చిన్న డేగ, 1000 రూపాయల బంగారు నాణెం మీద ఒక చిన్న పిట్ట. ఆ డేగ సంగతి తెలుసుకోకుండా ఆ నాణెం కొనకు. 1974 నాటికి అడవిలో మనుషులకు తెలిసినంతవరకు మిగిలినవి నాలుగే డేగలు. ఆ ద్వీపంలోనే ఉండిన ఎగరలేని పక్షి డోడో ఎలాగూ 17వ శతాబ్దంలోనే పోయింది, ఇదీ పోతుందని అందరూ అనుకున్న రోజుల్లో దాని బొమ్మ నాణెం మీదకు ఎక్కింది. తర్వాత కార్ల్ జోన్స్ అనే శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్లు గుడ్లు తెచ్చి పొదిగించి, పిల్లల్ని పెంచి మళ్లీ అడవిలో వదిలారు. జాతి నిలబడింది. 2022లో దాన్ని జాతీయ పక్షిగా ప్రకటించారు. ఇంత కథ ఉన్న నాణేలు ఏ దేశానికైనా కొన్నే ఉంటాయి.

ఇక్కడే జాగ్రత్త కావాలి. ఈ 25, 50 రూపాయల నాణేలు రెండు రకాలుగా వచ్చాయి. మామూలు రకంలో వెండి సగమే. దాచుకునేవాళ్ల కోసం అద్దంలా మెరిసేట్టు ప్రత్యేకంగా ముద్రించే ప్రూఫ్ రకంలో 92.5 శాతం. ఫొటోలో రెండూ ఒకేలా అనిపిస్తాయి, కొందరు మొదటిదాన్ని రెండోదాని రేటుకు అంటగడతారు. ప్రూఫ్ 25 రూపాయలు 28.28 గ్రాములు, 50 రూపాయలు 35 గ్రాములు తూగాలి. మంచి డిజిటల్ కాటా ఒకటి కొనుక్కో. బేరం మొదలుపెట్టకముందే బరువు చూపించే ఫొటో, కె.ఎం. నంబర్ (నాణేల కేటలాగులో దానికిచ్చిన నంబర్) అడుగు. చెప్పనివాడి దగ్గర కొనకు. డోడో బొమ్మ ముద్రించిన బిళ్లలు కూడా చాలా తిరుగుతుంటాయి. విలువ, దేశం పేరు లేకపోతే అది నాణెం కాదు, పతకం.

1971 నాటి డోడో 10 రూపాయలు కూడా ఇంతే, కుప్రోనికెల్‌లో (రాగి, నికెల్ కలిపిన లోహం) ఒకటి, వెండిలో ఒకటి. మొదట కుప్రోనికెల్‌ది చాలు. 1988 నుంచి వచ్చిన డోడో బంగారు నాణేలను ఇప్పుడే తలపెట్టకు, వాటి ధర ఎక్కువగా బంగారం రేటును బట్టే ఉంటుంది. 1901లో గాంధీగారు దక్షిణాఫ్రికా నుంచి తిరిగొస్తూ మారిషస్ రాజధాని పోర్ట్ లూయిస్‌లో ఆగారు. దానికి నూరేళ్లయిన సందర్భంగా 2001లో 100 రూపాయల వెండి నాణెం వేశారు. అది దొరికితే మాత్రం వదలకు.

విదేశం నుంచి తెప్పిస్తే పోస్టు ఖర్చు, సుంకం కలిపి లెక్క వేసుకో. వెండి, బంగారం అయితే కస్టమ్స్ నిబంధనలు ముందే కనుక్కో.

దాచడం గురించి ఒక్క మాట గట్టిగా చెబుతాను. ఇంట్లో వెండి గిన్నెలు విభూతితో తోమినట్టు నాణేన్ని ఎప్పుడూ తోమకు. చింతపండు, టూత్‌పేస్ట్ అసలే వద్దు. నల్లబడినా సరే, అలాగే ఉంచు. తోమిన నాణెం విలువ అక్కడికక్కడే పడిపోతుంది, మళ్లీ రాదు. అంచు పట్టుకునే ఎత్తు, ప్రూఫ్ ముఖం మీద వేలిముద్ర పడితే పోదు. మెత్తటి పీవీసీ కవర్లలో పెడితే కొన్నేళ్లకు పచ్చటి జిగురు పడుతుంది. నాణేల కోసం చేసిన గట్టి ప్లాస్టిక్ డబ్బీలు, క్యాప్స్యూల్స్ అంటారు, అవి వాడు. మీది సముద్రం గాలి తగిలే ఊరు కాబట్టి డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసి, వానాకాలం ముందు మార్చు.

నువ్వు ఫొటో పంపిన 50 రూపాయల నాణెం బరువు ఎంతో అమ్మేవాడిని అడిగి నాకు రాయి. జవాబు వచ్చేదాకా డబ్బు కట్టకు.

ప్రేమతో,
పెదనాన్న