రీలు కెమెరా: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మావయ్య తన పాత పెంటాక్స్ కె1000 నాకిచ్చారు. పదిహేనేళ్ళుగా బీరువాలోనే ఉంది. రోల్ వేసి మొదలుపెట్టేయొచ్చా?
– మైలాపూర్ పాఠకురాలు

జవాబు: ఆగండి. ఖాళీ కెమెరాతో ఓ గంట కూర్చున్నాకే రోల్ సంగతి. 1976 నుంచి 1997 దాకా తయారైన ఈ కెమెరాలో షట్టర్ (ఫిల్మ్ ముందు తెరుచుకుని మూసుకునే తెరలు) నడిచేది స్ప్రింగులు, పళ్ళచక్రాలతోనే. బ్యాటరీ వెలుతురు కొలిచే మీటరు ముల్లుకు మాత్రమే. అడుగున ఉన్న మూతను రూపాయి బిళ్ళతో తిప్పి ఒక ఎల్ఆర్44 సెల్ వేయండి. లోపల ఆకుపచ్చటి పొడి పట్టి ఉంటే, వెనిగర్‌లో తడిపిన ఇయర్‌బడ్‌తో తుడిచి ఆరనివ్వండి. దీని మీటరుకు స్విచ్ లేదు. లెన్సు మీద వెలుతురు పడినంతసేపూ సెల్ ఖర్చవుతుంది, కాబట్టి వాడనప్పుడు మూత పెట్టాల్సిందే.

ఇక లెన్సు విప్పి, వెనక తలుపు తెరిచి, కిటికీ వైపు పట్టుకుని ఒక్కో స్పీడూ నొక్కి చూడండి. 1000 (అంటే సెకనులో వెయ్యో వంతు) దగ్గర రెప్పపాటులో కనిపించే వెలుగు ఈ అంచు నుంచి ఆ అంచుదాకా ఒకేలా ఉండాలి. ఒక పక్క నల్లగా ఉంటే తెరలు సమంగా పరిగెత్తడం లేదు, ఫోటోలో ఆ పక్క చీకటే. 1 సెకను దగ్గర సగంలో నిలబడిపోతే లోపల గ్రీజు గట్టిపడిందన్నమాట. చాలామంది ఇక్కడే కుట్టుమిషన్ నూనె ఓ చుక్క వేస్తారు. వద్దు, అది పాకి తెరల మీదికి చేరుతుంది. 60 నుంచి పై స్పీడులు బాగుంటే వాటితోనే మొదలుపెట్టండి, మెకానిక్ దగ్గరికి తర్వాత వెళ్ళొచ్చు. షట్టర్ తెరలు గుడ్డవి కాబట్టి, చీకటి గదిలో ముందు నుంచి టార్చి వేసి సూది బెజ్జాలు ఉన్నాయేమో కూడా చూడండి.

తలుపు అంచుల్లో, కీలు దగ్గర ఉండే నల్ల ఫోమ్ ఈపాటికి తారులా జిగురెక్కి ఉంటుంది. దాన్ని అలాగే వదిలేస్తే కలర్ రోల్ మీద నారింజ, ఎరుపు చారలు పడతాయి. పళ్ళపుల్లతో గీకి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కీలు దగ్గర 2 మిల్లీమీటర్ల ఫోమ్ అంటించండి. సన్నటి గాళ్ళలోకి నల్ల ఊలు దారం చక్కగా సరిపోతుంది. అద్దం పైనున్న, ఫోకస్ చూసుకునే మసక తెరకు మాత్రం ఆల్కహాల్ తగలనివ్వకండి, అది ప్లాస్టిక్.

చెన్నై గాలికి లెన్సులో సాలెగూడులాంటి బూజు పట్టడం మామూలే. తోలు కేసు తేమను పట్టి ఉంచుతుంది, అందులో దాచకండి. గాలి చొరని వంటింటి డబ్బా, 200 గ్రాముల సిలికా జెల్, చిన్న తేమ మీటరు చాలు. ముల్లు 40–50 శాతం మధ్య ఉండాలి. బియ్యంలో పెట్టమనే సలహా వినకండి, పిండి లోపలికి పోతుంది.

ప్రశ్న: 36 ఫోటోలు తీశాను. కడిగించాక రోల్ అంతా తెల్లగా, ఖాళీగా వచ్చింది. తప్పు ల్యాబ్‌దా, నాదా?
– పెరంబూర్ పాఠకుడు

జవాబు: నెగెటివ్ అంచుల్లో కంపెనీ పేరు, నంబర్లు కనిపిస్తున్నాయా? కనిపిస్తే కడగడం సరిగ్గానే జరిగింది, ఫిల్మ్‌కు వెలుతురే తగల్లేదు. చాలాసార్లు ఫిల్మ్ కొస చుట్టు కడ్డీ నుంచి జారిపోయి ఉంటుంది. అంచులు కూడా ఖాళీగా ఉంటే ల్యాబ్‌ను అడగండి. ఈసారి తలుపు మూశాక, ఎడమవైపు రివైండ్ పిడిని బాణం గుర్తు వైపు మెల్లగా తిప్పి బిగువు తీసుకోండి. ఆ తర్వాత లివర్ లాగిన ప్రతిసారీ ఆ పిడి ఎదురు తిరగాలి. తిరగకపోతే ఫిల్మ్ కదలడం లేదు.

ప్రశ్న: ఇంట్లోనే హెచ్‌పీ5 ప్లస్ (నలుపు-తెలుపు ఫిల్మ్) కడగాలని ఉంది. మే నెలలో కుళాయి నీళ్ళే 30 డిగ్రీలుంటాయి. ఏం చేయాలి?
– అన్నానగర్ పాఠకుడు

జవాబు: డి-76 అనే డెవలపర్‌ను (బొమ్మను తేల్చే మందు) 1+1గా, అంటే ఒక వంతుకు ఒక వంతు నీళ్ళు కలిపితే 20 డిగ్రీల దగ్గర 11 నిమిషాలు. డిగ్రీ పెరిగేకొద్దీ సమయం సుమారు పదో వంతు తగ్గుతుంది. 30 దగ్గర 5 నిమిషాల లోపుకు పడిపోతుంది, అంత తక్కువలో మరకలు మరకలుగా వస్తుంది. 20కి దించాలని పట్టుబట్టకండి, 24 చాలు. అప్పుడు ఏడున్నర, 8 నిమిషాల మధ్య పడుతుంది. బకెట్ నీళ్ళలో ఐసు ముక్కలు వేసి, అందులో మందుల సీసాలు నిలబెట్టండి. ఐసును మందులోనే వేస్తే అది పలచబడిపోతుంది. డెవలపర్ నుంచి కడుగు నీళ్ళ దాకా అన్నీ 24కు అటూఇటూ ఉండాలి. చల్లటి ఫిక్సర్ (బొమ్మను నిలిపే మందు) నుంచి నేరుగా వేడి కుళాయి కిందికి తీసుకెళ్తే ఫిల్మ్ మీది పూత ముడతలు పడుతుంది. బోరు నీళ్ళు ఆరాక తెల్ల చుక్కలు వదులుతాయి, కాబట్టి చివరి ముంచుడుకు ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ నీళ్ళు వాడండి.

ప్రశ్న: సినిమా ఫిల్మ్‌ను చిన్న రోల్స్‌గా చుట్టి చవగ్గా అమ్ముతున్నారు. మా ల్యాబ్ వాళ్ళు వాటిని కడిగేది లేదన్నారు. ఎందుకని?
– వడపళని పాఠకురాలు

జవాబు: వాళ్ళు చెప్పింది సబబే. అలాంటి చాలా రోల్స్‌కు వెనక రెమ్‌జెట్ అనే నల్లటి కార్బన్ పూత ఉంటుంది. సినిమా ల్యాబ్‌లో ఈసీఎన్-2 పద్ధతిలో ముందు దాన్ని తొలగించాకే కడుగుతారు. మామూలు కలర్ రోల్స్ కడిగే సి-41 మెషిన్లో అది ఊడివచ్చి మందునూ, మిగతావాళ్ళ రోల్స్‌నూ పాడుచేస్తుంది. కొనేముందు పూత తీసేసినదా కాదా అని అడగండి. తీయకపోతే, చేత్తో కడిగేవాళ్ళు దొరికితేనే కొనండి.